ఒక్కటే మావయ్య

దర్జీ పని చేసే అమ్మాయి మావయ్యకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏదైనా సరే, ఒకసారికి ఒక్కటే మారుస్తాడు. కొత్త చొక్కా తొడిగిన రోజున పాత ప్యాంటే వేస్తాడు. "రెండూ కొత్తవే వేసుకున్నాననుకో. ఎవరైనా బాగున్నావంటే దేన్ని చూసి అన్నారో తెలిసి చావద్దూ?" అంటాడు. కూరలో ఉప్పు తగ్గితే ఉప్పే వేయాలి. అదే చేత్తో కాస్త కారం కూడా చల్లారో, గిన్నె పక్కన పెట్టి పంచాయితీకి కూర్చుంటాడు.

ముప్పై ఏళ్లు లిఫ్టు మెకానిక్కుగా పనిచేశాడు. ఒక తీగ మార్చడం, లిఫ్టు నడిపి చూడడం, నోటుబుక్కులో రాయడం, ఆ తర్వాతే ఇంకో తీగ. ఆయన రిటైరయ్యాడు గానీ ఆ అలవాటు రిటైరు కాలేదు. ఇటుకంత లావున్న నోటుబుక్కు ఇప్పటికీ సంచిలోనే ఉంటుంది. వీధి పిల్లలు "ఒక్కటే మావయ్య" అని పేరు పెట్టేశారు.

అత్తయ్య దగ్గర వీటన్నిటినీ తలదన్నే కథ ఇంకొకటుంది. ఎవరొచ్చినా ఫొటో తీసి చూపిస్తుంది. "చూడండి, జ్వరంలో పెరిగిన గడ్డం. ఏడాది పాటు గీసుకోలేదు ఈ మహానుభావుడు! గోడలకు రంగు వేయిద్దామంటే ఇప్పుడు కాదు. పరదాలు మారుద్దామంటే ఇప్పుడు కాదు. చివరికి పోస్టుమాన్ నన్ను పక్కకు పిలిచి, అమ్మా, సారుగారు సన్యాసం ఏమైనా పుచ్చుకుంటున్నారా అని అడిగాడు."

దర్జీ అమ్మాయి ఈ కథ విన్నప్పుడల్లా కడుపుబ్బ నవ్వేది. ఆ ఫొటోలో గడ్డం మావయ్య వేలు పట్టుకున్న తొమ్మిదేళ్ల పిల్ల తనే. తల్లి పోయాక ఆమె పెరిగింది ఆ ఇంట్లోనే.

ఆ శనివారం మధ్యాహ్నం ఆమె లాప్‌టాప్ చంకన పెట్టుకుని పరుగున వచ్చింది. దాని లోపలి డిస్కు పోయి రెండేళ్లయింది. అప్పుడు మావయ్యే సరంజామా అంతా ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించి, "ఇది గుచ్చి మీట నొక్కు, ఇందులోంచే లేస్తుంది" అని ఇచ్చాడు. రోజూ బుద్ధిగా లేచేది. ఇవాళ మాత్రం నల్లటి తెర మీద రెండు ముక్కలు రాసి మొరాయించి కూర్చుంది.

"అరవైమంది బడిపిల్లల యూనిఫాం కొలతలు అందులోనే ఉన్నాయి మావయ్యా. బడి తెరవడానికి పది రోజులే ఉంది. రేపు కత్తెర పట్టకపోతే అంతే. ఇంత పెద్ద పని నాకు రావడమే ఇది మొదటిసారి."

"ఎవరికైనా చూపించావా?"

"జిరాక్సు కొట్టు ఆయన తన కంప్యూటర్‌కి గుచ్చాడు. ఇది నాకు అర్థం కావట్లేదు, తుడిచెయ్యనా అని అడిగిందది. వద్దు బాబోయ్ అని పీక్కొచ్చేశాను."

"మంచి పని చేశావు. మరి నువ్వేమైనా ముట్టుకున్నావా?"

"లేదు."

మావయ్య కళ్లద్దాల పైనుంచి చూశాడు. ఆమె చూపు కిటికీ మీదకు పోయింది. నిజానికి కంగారులో సెట్టింగుల పేజీలోకి దూరి, కనబడినదల్లా అటుది ఇటు, ఇటుది అటు చేసేసింది.

"సరే, ముట్టుకోలేదు," అన్నాడు మావయ్య. "పెన్‌డ్రైవు రోజూ ఏ పక్కన గుచ్చుతావు?"

"ఎడమ పక్క."

"ఇప్పుడు కుడి పక్కనుంది."

"అదే... వెళ్లుంటుంది."

"అవును, కాళ్లొచ్చి."

ఎడమ పక్క గుచ్చాడు. మీట నొక్కాడు. పెన్‌డ్రైవు మీద చిన్న దీపం వెలిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. ఎడమ పక్క, లేవలేదు అని నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆమెకు ప్రాణం విసిగిపోయింది. తర్వాత సెట్టింగుల పేజీ తెరిచి తేదీ చూపించాడు. ఏనాటిదో పాత తేదీ.

"లోపలి బ్యాటరీ బిళ్ల అయిపోయింది. పాపం, దీనికి మతి పోయింది. ఎక్కడినుంచి లేవాలో మరిచిపోయింది."

"అయితే బిళ్ల మార్చేద్దాం!"

"మారుద్దాం. రేపు."

"మావయ్యా!"

"పెన్‌డ్రైవు చేసిన రోజున ఈ సెట్టింగులన్నీ ఎలా ఉన్నాయో రాసిపెట్టాను. ఆ పేజీ వెతికి చదువు. ఒక్కొక్కటే సరిచేస్తాను."

ఆమె చిరాకుగా పేజీలు తిరగేసింది. ఆ విసురుకి రెండేళ్లు దాటి, ఇరవై ఏళ్ల వెనక్కి పోయింది. అక్కడ మావయ్య చీమల బారు లాంటి అక్షరాలు కనిపించాయి.

"మార్పు: పిల్ల మనింటికి వచ్చింది. తల్లి, ఊరు, బడి, మూడూ దానికి ఒకేసారి మారిపోయాయి. ఇది చాలా తప్పు పద్ధతి. ఏడాది దాకా ఇంట్లో ఇంకేదీ మార్చకూడదు. పరదాలు, గోడల రంగు, నా గడ్డం."

దాని కింద వరసగా రోజులున్నాయి.

"నలభయ్యో రోజు: అడిగి అన్నం పెట్టించుకుంది. తొంభై మూడో రోజు: గడ్డం పట్టుకుని లాగింది. నూట ఇరవయ్యో రోజు: అత్తతో పోట్లాడి తలుపు ధడాలున వేసింది. నయమవుతోంది."

ఇన్నేళ్లూ పడీపడీ నవ్విన గడ్డం తన కోసమే గీయకుండా ఉంచాడని ఆమెకు అప్పుడు తెలిసింది.

"పేజీ దొరికిందా?"

"దొరికింది." ఆమె గబగబా ముందుకు తిప్పి, అసలు పేజీ తీసింది. "మావయ్యా, నేను ముట్టుకున్నాను. చాలా మార్చేశాను."

"ఇప్పటికి నాలుగు కనబడ్డాయి. ఇంకా ఉన్నాయా?" అన్నాడు మావయ్య తెర మీంచి చూపు తిప్పకుండా. "భయమేస్తే ఎవరైనా అన్నీ నొక్కేస్తారు అమ్మడూ. చదువు."

ఆమె చదివింది, ఆయన మార్చాడు. ఒకటి మార్చి, మీట నొక్కి, చూసి, రాసి. మళ్లీ ఇంకొకటి. ఈసారి ఆమెకు విసుగు రాలేదు. మూడోది యూఎస్‌బీ నుంచి, అంటే పెన్‌డ్రైవు నుంచి, లేవడానికి అనుమతి. నోటుబుక్కులో 'ఉంది' అని రాసుంది, తెర మీద 'లేదు' అనుంది. దాన్ని 'ఉంది' చేసి మీట నొక్కగానే లాప్‌టాప్ ఒళ్లు విరుచుకుని లేచింది. అరవైమంది పిల్లలూ భుజాలు, నడుములు, పొడవులతో సహా తెర మీద హాజరయ్యారు.

ఆమె ఆ కొలతల పట్టీని చూసి కళ్లు తుడుచుకుంది. "మరి మిగతావి?"

"రేపు బిళ్ల. ఎల్లుండి నుంచి రోజుకొకటి. అందాకా కరెంటు పీకకు."

"అలాగే మావయ్యా," అంది.

ఎదురు మాట రాకపోయేసరికి మావయ్యకు అనుమానం వచ్చింది. ఆమె ముఖంలోకి చూశాడు.

"ఏమైంది నీకు?"

"ఏం లేదు. ఆ గడ్డం నీకు అస్సలు బాగోలేదు మావయ్యా."

మావయ్య నోటుబుక్కు వైపు చూశాడు, మళ్లీ ఆమె వైపు చూశాడు. దొంగతనం బయటపడ్డవాడిలా చెంప గోక్కున్నాడు.

"నాకు తెలీదా అమ్మడూ! ఏడాదంతా ఒకటే దురద."