మూడో సంచి

పైయింటి పిల్లని ఖాళీ చేయిస్తున్నారన్న మాట నాకు మొదట చెప్పింది మా ఎదురింటి వదిన. చెబుతున్నప్పుడు ఆమె చేతికి ప్లాస్టిక్ తొడుగు ఇంకా అలాగే ఉంది.

పెరంబూరులో మా అపార్ట్‌మెంటు సంఘం పర్యావరణం కోసమని ఒక నియమం పెట్టింది. తడి చెత్త ఒక సంచి, పొడి చెత్త ఒకటి, మందులూ మాత్రలవీ మూడోది. తీర్మానం మగవాళ్ళు చేశారు. పొద్దున్నే సంచులు విప్పి చూసే పని ఆడవాళ్ళకి అప్పగించారు. ఆ నియమం రాసి అంటించిన తమిళ నోటీసు నాకు చదివి చెప్పింది కూడా ఆ పిల్లే. నాకు చదవడం వచ్చింది ఇంట్లో నాయనమ్మ నేర్పిన తెలుగొక్కటే. ఎన్ని కాగితాలు పట్టుకెళ్ళినా ఆ పిల్ల విసుక్కునేది కాదు. స్వామి నాకు మంచి పొరుగునిచ్చాడని రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని.

మిగతా ఇళ్ళవాళ్ళం నాలుగు రోజులు విడదీసి, తర్వాత అన్నీ ఒకే సంచిలో కుక్కేశాం. మా గుట్లన్నీ కూరగాయల తొక్కల కింద పడి ఉన్నాయి. ఆ పిల్ల మాత్రం పాలకవర్లు కడిగి ఆరబెట్టి, ఖాళీ మాత్రల స్ట్రిప్పులు విడిగా మూడో సంచిలో పెట్టేది.

వదిన అందులోంచి ఒక స్ట్రిప్పు తీసుకుని వీధి చివర మందుల షాపుకి పోయింది. ముట్లుడిగిన ఆడవాళ్ళు వాడతారు, మగపిల్లాడిగా పుట్టి ఆడపిల్లగా మారినవాళ్ళు కూడా వాడతారు అన్నాడట షాపాయన. మొదటి సగం వదిన ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం ఆ పిల్లని కిందికి పిలిచారు. అడిగితే దాచలేదు, అవునంది. గేటు పక్కన వేపమొక్కలు నాటించిన సెక్రటరీ నవ్వుతూనే అన్నాడు: "ప్రకృతిని కాపాడే సంఘం మాది. ప్రకృతికి ఎదురుపోయినోళ్ళని ఈడ ఎట్లా పెట్టుకుంటాం అమ్మా?"

పోయేటప్పుడు నీ చెత్త నువ్వే ఎత్తుకుపో అని వదిన అంటే అందరూ నవ్వారు. ఆ పిల్ల బంగారమండీ అని నేను అనబోతే, మా ఆయన నన్ను లోపలికి పొమ్మన్నారు. ఆదివారం దాకా గడువిచ్చారు.

రెండు రోజులకి ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, "మాధవరంలో గది దొరికిందత్తా, మొక్కలు పెట్టుకోను జాగా కూడా ఉంది" అంది. సెక్రటరీ ఆ ఇంటాయన ఎవరో కనుక్కుని, ఫోన్ చేసి ఆ పిల్ల సంగతి చెప్పేశాడు. పాపం, ఆయన మోసపోకుండా కాపాడానని మా ఆయనతో చెప్పుకున్నాడు కూడా.

ఆదివారం వాన. సామానంతా ఆటోలో సర్దాక డ్రైవరు ఎక్కడికని అడిగాడు.

"ముందర పోనీ అన్నా, చెప్తా" అంది.

ఆ తర్వాత ఆ పిల్ల ఫోన్ నంబరు కలవలేదు. ఎక్కడుందో తెలీదు. పేరు రాయను, రాస్తే ఇంకెవరో ఇంకెవరికో ఫోన్ చేస్తారు. ఇది చదివే తల్లులు సాయంత్రం దీపం పెట్టి మీ పిల్లల్ని తలుచుకునేటప్పుడు, ఆ పిల్లని కూడా ఒక్కసారి తలుచుకోండి.