అప్పలసూరి మావ ఫోన్లో గౌరి యాప్

బొబ్బిలిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే గౌరికి 2015లో ఫోన్ మోగితే చాలు, ఒళ్లు మండేది. తీగ మీటితే స్వరం కుదిరిందో లేదో చెప్పే వీణ యాప్‌ను ఆమె ఏడాదిన్నర కూర్చుని తయారుచేసింది. కొన్నవాళ్ల కంటే కొననివాళ్లే ఎక్కువ ఫోన్లు చేసేవారు. "మేడమ్, మీ యాప్ నిండా ప్రకటనలే!"

తన యాప్‌లో ఒక్క ప్రకటనా లేదు. ఆరా తీస్తే, ఏదో అనధికార స్టోర్‌లో అది ఊరికే దొరుకుతోంది. గౌరి యాప్‌ను ఎవరైనా తెరవగానే, ఈ ఫోన్ యజమాని తనను కొన్నారా అని అది అసలు స్టోర్‌ను అడుగుతుంది. దొంగలు యాప్‌ను విప్పి, ఎప్పుడడిగినా "కొన్నారు" అనే జవాబే వచ్చేలా మార్చి, ప్రకటనలు కుక్కి, యాప్ ఎవరు తయారుచేశారో చెప్పే డిజిటల్ సంతకాన్ని కూడా తమదిగా మార్చి మళ్లీ కట్టేశారు. ఫిర్యాదు చేస్తే ఒకచోట తీసేవారు, వారం తిరక్కుండా ఇంకోచోట తేలేది.

విసిగిపోయిన గౌరి కొత్త వెర్షన్‌లో గుట్టుగా ఒక పని చేసింది. సంతకం తనది కాకపోతే యాప్ ఆగదు, కొన్ని స్వరాలను కాస్త తప్పుగా చూపిస్తుంది.

రెండు నెలలకు మేనమామ అప్పలసూరి రుసరుసలాడుతూ వచ్చాడు. వీణలు చేయడమే ఆయన పని. చెవి మందగించాక, మెట్లను మైనంలో నిలబెట్టి స్వరం కుదర్చడానికి ఫోన్‌నే నమ్ముకున్నాడు.

"ఒసే గౌరీ, ఇజీనారం సంగీతం టీచరమ్మ కొన్న ఈణ ఎనక్కి అంపేసినాది. అపస్వరమంటాది! ఏటే ఇది?"

గౌరి ఆయన ఫోన్లో తన యాప్ తెరిచి చూస్తే, పైనే ప్రకటన.

"ఇదెక్కడిది మావా?"

"ఊరికే వస్తాదని మా ఈదిలోవోల్లు ఎక్కించినారు. తెలీని సోటిదని ఫోను ఏటో అడిగినాది. సరే అని నొక్కీసినాను."

"నన్నడిగితే నేనే ఎక్కించేదాన్ని కదా!"

"నీ పేరు సూసే నమ్మినాను కదే!"

అరవబోయి ఆగి, గౌరి తాను చేసినదంతా చెప్పింది.

"ఆల్ల మీద కోపం నా ఈణ మీద సూపించినావేటే?"

మూడు రోజులు ఆయన పక్కనే కూర్చుంది. ఆయన మైనం కరిగించి మెట్లు కదుపుతుంటే, తన అసలు యాప్‌తో ఒక్కో స్వరమూ సరిచూసింది. టీచరమ్మ వీణ తీసుకుంది గానీ, ఆయన ముఖం మాత్రం ఇంకా ముటముటలాడుతూనే ఉంది.

గౌరి ఆ తప్పుడు స్వరాలను తీసేసింది. దొంగ కాపీ అయితే "ఇది అసలుది కాదు" అని చెప్పి మూసుకుపోయేలా మార్చింది. పదకొండు రోజులకు ఆ అడ్డునూ పీకేసిన కాపీ దొంగ స్టోర్‌లో ప్రత్యక్షమైంది. దించుకుని చూసింది. స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. పళ్లు నూరుతూ ల్యాప్‌టాప్ మూసి, క్లాసుకు బయల్దేరింది.