కాటా చిట్టీ మీద పోశెట్టి పేరు

2006లో, చెరకు ఆడించే క్రషింగ్ సీజన్‌లో నన్ను బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో కంప్యూటర్ విభాగం ఇన్‌చార్జిగా వేశారు. చెరకు బండ్లు తూచే కాటాల దగ్గర ప్రోగ్రాం తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టేది. కరెంటు పోయివచ్చిన ప్రతిసారీ బండ్లు బారులు తీరేవి, తిట్లు నాకు తగిలేవి.

ప్రోగ్రాం అంటే వందల చిన్న భాగాలు, వాటిని క్లాసులంటాం. ప్రతి కాటా వాటిని మొదటినుంచి చదవడమెందుకని, ఒకసారి చదివినవాటిని కాటాలన్నిటినీ కలిపే, కరెంటు పోయినా జనరేటర్ మీద నడిచే సర్వర్ మెమరీలో ఉమ్మడిగా ఉంచి, అన్నీ అక్కడినుంచే తీసుకునేలా చేశాను. దీన్ని షేర్డ్ క్యాష్ అంటారు. ఇంకొన్ని క్షణాలు కలిసొస్తాయని, ఫైలు మారిందా అని చూసే తనిఖీని కూడా తీసేశాను. నిమిషంలోపే తెరుచుకుంది. మీసం మెలేశాను.

నెల తిరక్కముందే ఒక కాటా గుమాస్తా పోశెట్టి గుండెపోటుతో పోయాడు. ఆయన భార్య సాయమ్మను అదే కుర్చీలో తాత్కాలికంగా కూర్చోబెట్టారు. ఆ కాటా గుమాస్తా పేరును బద్ధకంకొద్దీ ప్రోగ్రాంలోనే రాశాను కనుక, దాన్ని మార్చి కొత్త ఫైలు పెట్టాను.

మర్నాడు రైతుకిచ్చే తూకం చిట్టీ మీద ‘తూచినది: పోశెట్టి’ అని వచ్చింది. ఫైలంతా వెతికాను, ఆ పేరు ఎక్కడా లేదు. పాత ఫైలు చెరిపేశాను. పట్టపగలు, పదిమంది చూస్తుండగా, ప్రింటర్ కిర్రుమంటూ మళ్లీ పోశెట్టి పేరే కొట్టింది.

“సచ్చినోడు తూకమేసుడేంది? నాకొద్దు గీ చిట్టీ!” అని ఓ రైతు విసిరికొట్టాడు. బండ్లు ఆగిపోయాయి. సాయమ్మే కావాలని చేస్తోందనీ, సాయంత్రంలోగా తేలకపోతే తీసేస్తాననీ మేనేజర్ చెప్పాడు.

సాయమ్మ నా బల్ల దగ్గరికొచ్చింది. “సారూ, నేనేం జేస్తలేను. ఆయనే పోతలేడు” అంది.

అప్పుడు నాకు వెలిగింది. క్రషింగ్ మొదలయ్యాక సర్వర్‌ను ఆపకూడదన్నది ఫ్యాక్టరీ కట్టుబాటు. ఆపకపోతే దాని జ్ఞాపకమూ పోదు. తనిఖీ లేదు కనుక, చెరిపేసిన భాగాన్నే అది ఇంకా అందిస్తోంది. క్యాష్‌ను తుడిచేశాను. నాలుగు నిమిషాలు కాచుకున్నాక చిట్టీ మీద సాయమ్మ పేరొచ్చింది. తప్పు నాదేనని మేనేజర్‌కు రాసిచ్చాను. ఆమె ఉద్యోగం నిలిచింది.

ఆ చిట్టీని చాలాసేపు చూసి ఆమె అడిగింది: “ఇప్పుడాయన యాడికి పోయిండు సారూ?”



ఆ తర్వాత నేనెక్కడా ఆ తనిఖీ తీయలేదు. తనిఖీ లేని యంత్రం పాత నిజాన్నే చెబుతూ పోతుంది. నింద దాని ముందు కూర్చున్న మనిషి మీద పడుతుంది.