చనిపోయి తెచ్చుకున్న పెళ్ళిబండి

ఆ రోజుల్లో నాకు ఇరవయ్యారేళ్ళు. గుడివాడలో ఓ ప్రైవేటు కాలేజీలో లెక్కల లెక్చరర్ ఉద్యోగం, బందరులో నేనూ మా అమ్మా ఉండే ఇల్లు, ఇంటి ముందు మా మావయ్య వాడి వాడి విసుగొచ్చి నాకిచ్చేసిన బూడిదరంగు పాత కారు. ఆ వయసులో ప్రతివాడికీ తనలో ఏదో ప్రత్యేకత ఉందని గట్టి నమ్మకం ఉంటుంది. నాకూ ఉండేది. కానీ మా వీధివాళ్ళ లెక్కలో ప్రత్యేకతంతా నా కారుదే. ఎదురింటి అబ్బాయి ఒకసారి అందులో పెళ్ళిచూపులకెళ్ళాడు, సంబంధం కుదిరింది. ఆ తర్వాత చివరింటివాళ్ళ పెద్దాడు వెళ్ళాడు, కుదిరింది. మూడోవాడు వెళ్ళొచ్చాడో లేదో అటు అమ్మాయి తరఫువాళ్ళే కబురు చేసి తాంబూలాలకి రమ్మన్నారు. దాంతో 'ఆ బండెక్కితే సంబంధం ఖాయం' అని వీధంతా తీర్మానించేసింది. బండికి పెళ్ళిబండి అని పేరొచ్చింది. నాకు ఆదివారాలు పోయాయి.

బండి ఇచ్చి ఊరుకుంటే సరిపోయేది కాదు. దాని గేరు నా మాట తప్ప ఎవరి మాటా వినదు కాబట్టి నేనే నడపాలి. పెళ్ళికొడుకు పక్కన కూర్చోవాలి, వాడు బిగుసుకుపోతే నేను వర్షాల గురించీ వరి ధర గురించీ మాట్లాడాలి, ఇచ్చిన స్వీటూ జంతికలూ తినాలి. "మా వాడి ఫ్రెండండీ, డ్రైవింగ్ బాగా చేస్తాడు" అని నన్ను పరిచయం చేసేవాళ్ళు. అన్ని ఇళ్ళకెళ్ళాను గానీ, 'మరి ఈ అబ్బాయికి పెళ్ళయిందా?' అని అడిగిన పాపాన ఒక్కరు పోలేదు. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ చేయించి తాను ఒంటరిగా మిగిలిన పురోహితుడి బతుకైంది నాది.

ఈ బండి మహిమను చూసి నవ్వేవాడు వీధి మొత్తం మీద ఒక్కడే, పక్కింటి బావ. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటినుంచీ అలవాటైన పిలుపు. మా కాలేజీలోనే ఫిజిక్స్ చెబుతాడు, అప్పటికి ముప్ఫై నాలుగేళ్ళు. "ఇంజను పెట్రోలు తాగుద్ది రా, జాతకాలు చదవదు" అనేవాడు. ఆ పట్టుదలతోనే పదకొండు పెళ్ళిచూపులకి బస్సులో వెళ్ళొచ్చాడు. పదకొండూ కుదరలేదు. వాళ్ళమ్మ, అంటే మా అత్తయ్య, ప్రతిసారీ గుమ్మంలో నా కారు వంక ఆశగా చూసి నిట్టూర్చేది.

ఓ మంగళవారం నాకు తిక్క రేగింది. గుడివాడలో షోరూముకెళ్ళి ఎర్రరంగు కొత్త కారు బుక్ చేసి, పాతదాన్ని ఎక్స్ఛేంజిలో అక్కడే వదిలేసి బస్సెక్కాను. కొత్తది రావడానికి మూడు వారాలు. వీధిలో ఎవరికీ చెప్పలేదు. ఎర్ర కారులో నా ఆదివారం నా ఇష్టం వచ్చినట్టు గడుపుతానని కిటికీ పక్కన కూర్చుని ఊహించుకుంటూ, పెడన దాటేసరికి ఈల కూడా వేశాను. ఇంటికొచ్చేసరికి అరుగు మీద బావ కూర్చుని ఉన్నాడు. తలెత్తడం లేదు. చెప్పు కొసతో నేల మీద గీతలు గీస్తున్నాడు.

"ఆదివారం నీ బండి ఖాళీయేనా?" అన్నాడు, ఎటో చూస్తూ.

అవనిగడ్డ అవతల ఓ ఊళ్ళో సంబంధం. ఫోటో చూశాడట, ఒకసారి ఫోన్లో మాట్లాడాడట. ఆ అమ్మాయి వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేస్తుందట, మాట్లాడుతుంటే మధ్యలో నవ్వుతుందట. "ఇది కూడా పోతే ఇంక చూపులకి వెళ్ళన్రా. నాకు నమ్మకం లేదు, అమ్మకుంది. ఆవిడ కోసం..." అని ఆగిపోయాడు. పన్నెండేళ్ళు న్యూటన్ నియమాలు చెప్పిన మనిషి గొంతు అలా తగ్గిపోవడం చూడలేకపోయాను. అప్పుడు చెప్పాను, బండి ఇచ్చేశానని. పక్కింట్లోంచి అత్తయ్య 'అయ్యో' అన్న అరుపు వినిపించింది. ఆవిడ ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు ఇద్దరం సెలవు పెట్టి షోరూముకెళ్ళాం. కౌంటర్లో ఉన్న అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. కొత్త కారు ఆర్డరు కాన్సిల్ చేసి పాత కారు వెనక్కిమ్మన్నాను. కంప్యూటర్లో చూసి, "కాన్సిల్ అవుద్దండి, కానీ కారణం సెలెక్ట్ చెయ్యాలండి" అంది. లోను రాలేదు, రంగు నచ్చలేదు, ఆలస్యమైంది, ఊరు మారుతున్నారు, ఇలా వరసగా ఉన్నాయి. పెళ్ళిచూపులు అనేది అందులో లేదు.

"ఏదో ఒకటి పెట్టెయ్యండి" అన్నాను.

"అవి పెడితే కట్టిన సొమ్ము వస్తుందండి, పాత బండి రాదు. బండి తిరిగి ఇవ్వాలంటే ఒకే ఒక్క కారణం ఉందండీ." కాస్త ఇబ్బందిగా స్క్రీన్ మా వైపు తిప్పింది. అక్కడ 'కస్టమర్ మృతి' అని ఉంది.

నేను బావ వంక చూశాను. బావ నా వంక చూశాడు. ప్రాక్టికల్ రికార్డులో పిల్లలు ఒక్క రీడింగు కల్పించి రాస్తే మళ్ళీ రాయించే మనిషి, నా బతుకు గురించి ఏం అంటాడోనని ఎదురుచూశాను. "పెట్టెయ్యండమ్మా" అన్నాడు. అలా నేను పోయాను. సంతకం మాత్రం బంధువులే చెయ్యాలిట. మృతుడికి ఏమవుతారు అన్న చోట బావ 'బావ' అని రాశాడు. (మా ఇద్దరి చుట్టరికానికి ఆధారంగా లోకంలో ఉన్న ఏకైక కాగితం అదే.) వెనక యార్డులో తాళాలిచ్చిన వాచ్‌మన్ నన్ను ఎగాదిగా చూసి, "మీరెవరండీ?" అన్నాడు.

"డ్రైవర్ని."

"పాపం, చిన్న వయసంట గదండీ. ఎట్టా పోయారండీ?"

"సడన్‌గా" అన్నాను. ఆయన చేతులు జోడించి కారుకి దండం పెట్టాడు. గేటు దాటేవరకూ నేను కూడా కాస్త బాధగా మొహం పెట్టాను, నా గురించే అయినా.

ఆదివారం మధ్యాహ్నం బయల్దేరాం. బావ తెల్లచొక్కా, అత్తయ్య కొత్త చీర, వెనక సీట్లో అరటిపళ్ళ గెల. నాలుగున్నరకి రాహుకాలం కాబట్టి దానికి ముందే గుమ్మంలో అడుగుపెట్టాలని అత్తయ్య హుకుం. చల్లపల్లి దాటిన కాసేపటికి పెళ్ళిబండి ఒక దగ్గు దగ్గి, రోడ్డు పక్కన పంటకాలువ గట్టు మీద ఆగిపోయింది. నాలుగురోజులు నన్ను చచ్చినవాణ్ణి చేసిందిగా, తనూ చచ్చిపోదామనుకుందో ఏమో. ఎంత తిప్పినా ప్రాణం రాలేదు. "ఆటో ఎక్కుదాం పదమ్మా" అన్నాడు బావ. అత్తయ్య దిగలేదు. "ఈ బండిలోనే వెళ్ళాలి. బండి కోసం పిల్లాడు చచ్చిపోయాడు, మనం ఆటోలో వెళ్తే ఏం బాగుంటుందిరా?" అంది.

అప్పుడే వరిగడ్డి వేసుకుని ఓ ట్రాక్టరొచ్చింది. దాని డ్రైవరు సంగతి విని, "పెళ్ళిచూపులా? అయితే కట్టండి" అని గడ్డి కట్టే మోకు ఇచ్చాడు. ట్రాక్టరు ముందు, వెనక మోకు, మోకు చివర మేం. పులిగడ్డ వంతెన మీద వెళ్తుంటే పైనుంచి గడ్డిపోచలు ఎగిరొచ్చి బావ తెల్లచొక్కా మీద పడుతున్నాయి. ఎదురొచ్చే ప్రతివాడూ బండి ఆపి మరీ చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే మా అమ్మ ఫోను.

"ఏరా, నువ్వు పోయావంట!"

"ఎవరు చెప్పారే?"

"ఎవరో అమ్మాయి, షోరూము నుంచంట. మీ అబ్బాయిగారు పోయినందుకు చింతిస్తున్నామండీ అంది. పొద్దున అట్లు తిని వెళ్ళాడమ్మా అన్నాను. ఆఖరి కోరిక తీర్చారు, అదృష్టవంతులండీ అంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదురా!" నేను బతికే ఉన్నానని నమ్మించడానికి అవనిగడ్డ దాకా మాట్లాడాల్సి వచ్చింది.

రాహుకాలానికి అయిదు నిమిషాల ముందు, ఊరి పిల్లలంతా వెనక పరిగెత్తుతుంటే, ట్రాక్టరు మమ్మల్ని ఆ ఇంటి ముందు నిలబెట్టింది. బావ దిగాడు. నెత్తి మీద గడ్డి. వసారాలో పెద్దవాళ్ళు నోళ్ళు తెరిచారు. కిటికీ దగ్గర ఒక నవ్వు వినబడింది, ఆపుకోలేక ఆపుకోలేక బయటపడ్డ నవ్వు. బావ తలెత్తి అటు చూసి, ఏమనుకున్నాడో, తనూ నవ్వేశాడు. పదకొండు ఇళ్ళల్లో బిగుసుకు కూర్చున్న మనిషి ఆ రోజు నా సాయం లేకుండా గంటన్నర మాట్లాడాడు. వర్షాల గురించీ వరి గురించీ నేను దాచుకున్న కబుర్లన్నీ నాలోనే మిగిలిపోయాయి. సంబంధం అక్కడికక్కడే కుదిరింది. ఆ అమ్మాయి (ఇప్పుడు నేను అక్కా అంటాను) తర్వాతెప్పుడో చెప్పింది: "అమ్మ మాట కోసం ఊరందరి ముందూ ట్రాక్టరు వెనక కట్టించుకుని వచ్చిన మనిషి, రేపు నా మాట కూడా వింటాడనుకున్నా." వీధిలో మాత్రం ఇప్పటికీ అది బండి మహిమే.

ఎర్ర కారు మళ్ళీ బుక్ చేద్దామని వెళ్తే షోరూము కంప్యూటరు నా ఫోన్ నంబరు ఒప్పుకోలేదు. "మీరు లేరండి సార్" అంది ఆ అమ్మాయి, బాధగానే. సరే, ఇంకోచోట చూసుకోవచ్చులే అని పెళ్ళిబండినే బాగుచేయించుకుని వాయిదా వేశాను. ఈలోగా ఓ సాయంత్రం బావ నా దగ్గరికొచ్చి, "నీకు గుడివాడలో ఓ సంబంధం చూశాం. ఆదివారం వెళ్తున్నాం. నువ్వు వెనక కూర్చో, నేను నడుపుతా" అన్నాడు. నాకు తెలియకుండా నెలరోజులు పొద్దున్నే గ్రౌండుకెళ్ళి డ్రైవింగ్ నేర్చుకున్నాడట.

గేరు బావ మాట విన్నది రెండో నంబరు దాకానే కాబట్టి, బందరు నుంచి గుడివాడకి ఆ రోజు రెండున్నర గంటలు పట్టింది. బస్సులు, ఆటోలు, చివరికి సైకిలు మీద ఓ పెద్దాయన కూడా మమ్మల్ని దాటి వెళ్ళాడు. బావ రెండు చేతులతో స్టీరింగ్ కరుచుకుని, చెవుల మీదుగా చెమటలు కారుతుంటే, "ముందు చూడనివ్వరా, మాట్లాడకు" అని నన్నే కసురుకున్నాడు. మేం చేరేసరికి ఉప్మా చల్లారిపోయింది, అమ్మాయి తండ్రి నిద్రపోయి లేచారు. ఆ సంబంధం కుదరలేదు. బండి చరిత్రలో కుదరనిది అదొక్కటే. కానీ వెనక సీట్లో ఇస్త్రీ చొక్కాతో కూర్చుని, ఒక మనిషి నా కోసం అలా చెమటోడుస్తుంటే చూస్తూ ఆ రోజు నేను పొందిన సంతోషం, తర్వాత కుదిరిన అసలు పెళ్ళిచూపుల్లో కూడా పొందలేదు. ఈ ముక్క మా ఆవిడ కంటపడకుండా చూసుకోవాలి.