గైడు సంతకం లేని ఫిర్యాదు

2001లో నన్ను విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయానికి డిప్యూటీ రిజిస్ట్రారుగా వేశారు. రిజిస్ట్రారు తర్వాతి మెట్టు అది. పరిశోధక విద్యార్థుల వ్యవహారాలు చూసే అకడమిక్ విభాగం నాది. దాంతోపాటు ఫిర్యాదుల కమిటీకి సభ్య కార్యదర్శి పనీ అంటగట్టారు. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల గురించి సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చాక, ప్రతి సంస్థా ఇలాంటి కమిటీ వేయాల్సి వచ్చింది. అధ్యక్షురాలు స్త్రీ కావాలి, సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలుండాలి, బయటినుంచి ఒకరు రావాలి. మా కమిటీలో అన్నీ ఉన్నాయి, ఫిర్యాదులు తప్ప. అది మా ప్రాంగణం గొప్పతనమని మావాళ్లు మురిసిపోయేవారు.

మరుసటి ఏడాది వానాకాలంలో నూకరత్నం నా గదికి వచ్చింది. సముద్ర జీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. తల్లి ఫిషింగ్ హార్బరులో చేపలమ్ముతుంది. ఆ ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి ఈమే. తన పరిశోధన పర్యవేక్షించే ప్రొఫెసర్, అంటే గైడు, గదిలో తనకు జరుగుతున్నదంతా రాసి మా సెక్షన్‌లో ఇచ్చిందట. “గైడు ద్వారా పంపవలెను” అని మూల రాసి గుమాస్తా తిప్పి పంపాడు. అతను చెడ్డవాడేం కాదు. సెలవు చీటీ నుంచి థీసిస్ దాకా పరిశోధక విద్యార్థి కాగితం ఏదైనా గైడు సంతకంతోనే కదలాలి. ‘త్రూ ప్రాపర్ చానల్’ అంటాం. ఎవరి మీద ఫిర్యాదో కూడా చూడకుండా అలవాటు చొప్పున పంపేశాడు.

“ఇది ఆయన కాడికే అట్టుకెల్లి సంతకం ఎట్టమనాలా మేడమ్?” అని అడిగింది. ఆ అమ్మాయి ఏడవలేదు. నాకే ఒళ్లు మండిపోయింది.

కాగితం నేనే తీసుకుని కమిటీ ముందు పెట్టాను. రిజిస్ట్రారు గారు పిలిచి, ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి, టీ ఇప్పించి మాట్లాడిస్తే సరిపోతుంది కదా అన్నారు. కర్ర విరగకుండా, పాము చావకుండా పని నడపడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. కుదరదన్నాను. ఇద్దర్నీ వేరువేరు రోజుల్లో పిలిపించాం. ఆమె చెప్పింది గైడుకు చదివి వినిపించి, రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాం. ఆమె స్నేహితులెవరూ సాక్ష్యానికి రాలేదు. అందరి థీసిస్‌లూ ఆ విభాగంలోనే ఉన్నాయి మరి.

విచారణ సంగతులు బయటికి చెప్పకూడదన్నది నియమం. మా ఆయనకూ చెప్పలేదు. పోర్టులో డ్యూటీ ముగించుకుని వచ్చి, ఏమిటలా ఉన్నావని అడిగితే తలనొప్పి అనేదాన్ని. మధ్యాహ్నం నాతో క్యారేజీ పంచుకునే లెక్చరర్లకు హఠాత్తుగా పనులు పెరిగాయి. ఎవరికి వారే యమునా తీరే. నా గదిలో తలుపు వేసుకుని ఒక్కదాన్నే పెరుగన్నం తిన్న ఆ నెలలు నా ముప్పైయేళ్ల ఉద్యోగంలోకెల్లా పెద్దవి. ఆ అమ్మాయి ల్యాబులో ఇంకెంత ఒంటరిగా ఉందో నాకు తెలుస్తూనే ఉండేది. పిలిచి పలకరిస్తే మాత్రం కార్యదర్శి పక్షపాతం చూపిందంటారు. వరండాలో ఎదురుపడితే ఇద్దరం తలలు వంచుకుని పోయేవాళ్లం.

ఒక రోజు నూకరత్నం తల్లి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. “ఆయన్ని ఏటి సేత్తారో మీ ఇట్టం అమ్మగారూ. మా పిల్ల సదువు ఆగిపోద్దా? అదొక్కటీ సెప్పండి” అంది. ఆగదన్నాను. ఆ మాట నమ్మకంతోనే అన్నాను.

ఆరోపణ రుజువైందని కమిటీ తేల్చింది. పాలక మండలి ఆయన ఇంక్రిమెంట్లు ఆపి, గైడు బాధ్యత నుంచి తొలగించింది. ఆయన గది, కుర్చీ, జీతం ఆయనకే ఉన్నాయి. నూకరత్నానికి మాత్రం గైడు లేకుండా పోయాడు. కొత్త గైడుకి రెండే షరతులు: ఆమె పరిశోధనాంశం తెలిసినవారై ఉండాలి, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అర్హత ఉన్న ప్రొఫెసర్లందరి గదులకూ స్వయంగా వెళ్లాను. కాఫీలు ఇచ్చారు. పాపం ఆ అమ్మాయి అన్నారు. తమ దగ్గర ఖాళీ లేదన్నారు. వాళ్లలో ఒకాయన ఆ నెలలోనే మరో విద్యార్థిని చేర్చుకున్నారు. ఆ కాగితం నా బల్ల మీదికే వచ్చింది.

గైడు లేకుండా ఆరు నెలలు దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. గడువు పొడిగించమని రెండుసార్లు రాశాను. రెండుసార్లూ నిబంధన చూపించారు. చివరికి రద్దు ఉత్తర్వు మీద సంతకం పెట్టాల్సిన హోదా నాదే అయింది. నూకరత్నం ఎలమంచిలి దగ్గర రొయ్యల హేచరీలో ఉద్యోగానికి వెళ్లింది. వెళ్లేముందు వచ్చి, “మీరు సెయ్యాల్సింది సేసారు మేడమ్, మా అమ్మకి నాను సెప్పుకుంటాన్లెండి” అంది. చాలా బాధేసింది. ఇప్పటికీ వేస్తుంది.

ఏం జరిగిందో తేల్చడానికే విచారణ నియమాలు రాశారు. ఫిర్యాదు చేసిన మనిషి మర్నాటి నుంచి ఎవరి దగ్గర పని చేసుకోవాలో వాటిలో ఎక్కడా లేదు. రిటైరయ్యేలోగా నా దగ్గరికి అలాంటి ఫిర్యాదులు ఇంకొన్ని వచ్చాయి. కారణం చెప్పకుండా ముందు కొత్త గైడు చేత ఒప్పుకోలు రాయించుకుని, ఆ తర్వాతే పాత గైడుకి నోటీసు పంపేదాన్ని. సంగతి తెలియనంతవరకూ అందరి దగ్గరా ఖాళీలుండేవి.