కుట్టేసిన చివరి పేజీలు

మొన్న డ్యూటీకి వెళ్తుంటే బస్సులో నా పక్క సీటాయన సంచిలోంచి ఒక హత్యానవల తీసి, మొదటి పేజీ వదిలేసి తిన్నగా చివరి పేజీకి వెళ్లాడు. హంతకుడెవరో చూసుకుని, తృప్తిగా తలాడించి, అప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టాడు. నేను లేచి నిలబడ్డాను. వేరే సీటు ఖాళీ లేదు. గగన్‌పహాడ్ నుంచి ఎయిర్‌పోర్టు దాకా కమ్మీ పట్టుకుని వేలాడుతూనే వెళ్లాను. ఆయనకు నా కోపం తెలియనే తెలియదు. నా కోపాల్లో చాలావాటి గతి అంతే.

కొత్త విమానాశ్రయం తెరిచిన ఏడాది నాకు అక్కడ సరుకుల విభాగంలో ఉద్యోగం దొరికింది. మాది తెనాలి వైపు. మా ఆవిడ అప్పటికే మస్కట్‌లో నర్సుగా చేస్తోంది. ఒక్కడికి వేరే గది దేనికని ఫోనులోనే తీర్మానించి, నన్ను శంషాబాద్‌లో తన పుట్టింట్లో పెట్టింది. భార్య లేని అత్తగారింట్లో అల్లుడి బతుకు ఎలా ఉంటుందో పడ్డవాడికే తెలుస్తుంది. నన్నెవరూ ఏమీ అనలేదు. బాధంతా అదే. కూరలో మంచి ముక్క నాకే, ఫ్యాను కింద చోటు నాకే, ఉతికిన తువ్వాలు నాకే. నేను గదిలోకి అడుగుపెడితే వాళ్ల నవ్వులు సగంలో ఆగేవి. పెళ్లినాడు నాకు చేతుల్లేని కుర్చీ వేసిన సంగతి నేను మరచిపోలేదు కానీ, అది ఇక్కడ చెప్పను.

మామయ్య చర్చిలో పెద్ద. పొద్దుగూకగానే చాప పరచి ఇంటిల్లిపాదీ ప్రార్థనకు కూర్చోవాలి. ముందు ఒక పాట, తర్వాత బైబిలులో ఒక అధ్యాయం. దాన్ని ఒక్కరే చదివేయడం ఉండదు. మామయ్య ఒక వచనం, అత్తయ్య ఒకటి, డిగ్రీ చదువుతున్న మరదలు ఒకటి, నేనొకటి, అలా చుట్టూ తిరుగుతూ అయిపోతుంది. చివర అత్తయ్య ప్రార్థన. మనిషి పేరో గుర్తో చెప్పకుండా ప్రార్థించడం ఆమెకు రాదు. మస్కట్‌లో ఉన్న పెద్దబిడ్డ, పరీక్షలున్న చిన్నబిడ్డ, మామయ్య నడుం, ఆఖరికి ఇంటి మీదుగా పోయే విమానాల్లో కూర్చున్నవాళ్లు, అందరూ వరసగా వచ్చేవారు. నా వంతు వచ్చేసరికి, "అల్లునికి మా ఇంట్ల ఏం తక్కువ గాకుండ జూడు తండ్రీ" అనేది. తక్కువ కాకుండా చూసుకునేది చుట్టాన్నే కదా అని నేను కళ్లు మూసుకుని లోపల లోపల అనుకునేవాణ్ణి.

ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన పాత హత్యానవల ఒకటి కొన్నాను. గదిలో చదువుకుంటుంటే మరదలు తొంగి చూసి, "ఒక్కనివే చదువుకుంటున్నవా బావా? మేమేం పాపం జేసినం?" అంది. అలా ఆ పుస్తకం చాప మీదికి వచ్చింది. ప్రార్థన అయ్యాక, బైబిలు చదివినట్టే, మనిషికొక పేజీ చొప్పున చుట్టూ తిప్పాం. వేరే రకంగా చదవడం ఆ ఇంటికి తెలియదు. మామయ్య ఒకటే షరతు పెట్టాడు, ఈ పుస్తకం బైబిలు ఉండే పీట మీద పెట్టొద్దని. దాంతో దాని మకాం ఫ్రిజ్ మీద అయింది. నా షరతు కూడా ఒకటే. ఎవరూ ముందుకు చదవకూడదు, హంతకుడెవరో నలుగురికీ ఒకేసారి తెలియాలి. ఒట్టు వెయ్యమన్నాను. "ఒట్టు పెట్టుకోవద్దని వాక్యముంది అల్లుడా. మాటిస్తున్నం, సాలు" అన్నాడు మామయ్య.

కథలో ఒక ఎస్టేటు యజమానికి పాలలో విషం పెడతారు. అనుమానం రెండో భార్య మీద, దివాను మీద, వంటవాడి మీద, మందులిచ్చే కాంపౌండరు మీద.

"దివానే. ఆని మీసాలు జూస్తెనే తెలుస్తున్నది" అనేది మరదలు.

"మీసాలుంటే సంపుతరా? మీ నాయనకు లేవా?" అనేది అత్తయ్య.

"వంటోడు మాత్రం గాదు" అని మామయ్య వంటవాడికి జామీను ఉండేవాడు. నేను కూడా దివానే అన్నాను. మామయ్య నా వైపు తిరిగి, "ఏంది అల్లుడా, మీ ఆంధ్రల దివాన్లు గిట్లనే ఉంటరా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన నన్ను ఎగతాళి చేయడం అదే మొదలు. ఎవరు ఏమన్నా ఏళ్లతరబడి గుర్తుపెట్టుకునేవాణ్ణి, ఆ మాటను మాత్రం సంతోషంగా గుర్తుపెట్టుకున్నాను. డ్యూటీలో పెట్టెల మీద చీటీలు అంటిస్తూ కూడా సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూసేవాణ్ణి.

కొద్ది పేజీలే మిగిలిన సాయంత్రం, పాట అయింది, అధ్యాయం అయింది, అత్తయ్య ప్రార్థన మొదలుపెట్టింది. మస్కట్ బిడ్డ, చిన్నబిడ్డ, నడుం, విమానాలు. ఆ తర్వాత అదే ఊపులో, "గా కాంపౌండర్ పిలగాన్ని గుడ క్షమించు తండ్రీ. వాళ్ల అక్కను ఆగం జేసిండ్రని గట్ల జేసిండు గని, చెడ్డోడు గాడు" అంది.

ఆమెన్ ఎవరూ అనలేదు.

"అమ్మా!" అని మరదలు నెత్తి కొట్టుకుంది. మామయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి.

"మీకెలా తెలుసండీ అత్తయ్యగారూ?" అన్నాను.

ఆమె బిత్తరపోయి నావైపు చూసింది. "నీ ముంగట దాస్తి బిడ్డా. దేవుని ముంగట ఎట్ల దాస్త?"

మరదలే విప్పి చెప్పింది. "మొన్న నీకు సెకండ్ షిఫ్ట్ పడ్డది గద బావా. జర ఆగలేక ముగ్గురం గూసొని చదివేసినం. నువ్వు బాధపడ్తవని నీ ముంగట తెల్వనట్టు ఉంటున్నం."

మొన్న చదివేశారు. అంటే నిన్న సాయంత్రం దివాను గురించి అంత గొడవపడ్డప్పుడు వాళ్లకు తెలుసు. నా ఒక్కడి కోసం ముగ్గురూ గొడవ నటించారు, కూరలో మంచి ముక్క వేసినట్టే.

ఆ మర్నాటి నుంచి నేను చాప మీద కూర్చోలేదు. మామయ్య తలుపు దగ్గరికి వచ్చి, "పుస్తకమే గద అల్లుడా" అన్నాడు. "పుస్తకం కాదండీ" అన్నాను. అంతకు మించి చెప్పడం నాకు చేతకాలేదు, ఊహించడం ఆయనకు చేతకాలేదు.

కొన్ని వారాల తర్వాత అత్తయ్య నా గది గుమ్మంలో నిలబడింది. చేతిలో మరో హత్యానవల. మరదలి చేత తెప్పించిందట. దాని చివరి పేజీలన్నీ కలిపి మూడువైపులా దగ్గర దగ్గరగా కుట్టేసి ఉంది. "బొంతలు కుట్టే దారం బిడ్డా, పండ్లతోని కొరికినా తెగది. ఇగ ఎవ్వరికీ ముందుగాల తెల్వది. కోసేది నువ్వే" అంటూ కొత్త బ్లేడు కూడా చాపింది. నేను దారం వైపు చూశాను, ఆమె వైపు చూడలేదు. "డ్యూటీ ఉందండీ" అన్నాను. ఆ రోజు నాకు డ్యూటీ లేదు. శంషాబాద్ బస్‌స్టాండులో కూర్చుని, పెట్టెలతో దిగేవాళ్లనీ, వాళ్లను కావలించుకోవడానికి ఎదురొచ్చేవాళ్లనీ చూసి, అన్నాలు అయిపోయే వేళకు ఇల్లు చేరాను. పుస్తకం ఫ్రిజ్ మీద ఉంది. నేను అలగడంలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను.

తర్వాతి ఏడాది మా ఆవిడ తిరిగొచ్చింది, గగన్‌పహాడ్‌లో వేరే ఇల్లు తీసుకున్నాం. పండగలకు పోయేవాళ్లం, మంచి ముక్కలు తినేవాళ్లం. ఆ పుస్తకం మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నిరుడు అత్తయ్య షుగరు ముదిరి చనిపోయింది. సమాధి చేసి వచ్చిన మూడోనాడు, తుక్కుగూడలో కాపురముంటున్న మరదలు ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఆ నవల తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"మొదటి పేజీ గుడ తెరవనియ్యలే బావా. ఎన్నిసార్లు అడిగిన్నో. అల్లుడొచ్చి గూసున్నంక అనేది."

దారం పసుపురంగుకు తిరిగింది. ఎక్కడా తెగలేదు. మంచి ముక్క వేయడం మర్యాద. హత్యానవల ఇంట్లో పెట్టుకుని అన్నేళ్లు తెరవకుండా ఆగడం మర్యాద కాదు. దానికేం పేరుందో ఆవిడ ఉండగా నేను అడిగి ఉండొచ్చు.

ఇప్పుడు ఆదివారాలు ఆ నవల పట్టుకుని మామయ్య దగ్గరికి వెళ్తున్నాను. ఆయనకు చూపు ఆనడం లేదు కాబట్టి ఆయన పేజీ కూడా నేనే చదువుతాను. చుట్టు తిరిగి వచ్చేసరికి, "ఇది మీ అత్తది" అంటాడు. కాసేపు ఆగి అదీ నేనే చదువుతాను. నెల కిందట దారం దగ్గరికి వచ్చాం. "కొయ్యి, ఎవడు సంపిండో జూద్దాం" అంటాడు ఆయన. మరదలు కూడా వచ్చే వారం వస్తానంది, ఆగండి అంటాను నేను. ఆమెకు ఏ వారమూ కుదరడం లేదు. మామయ్య విసుక్కుని, ఇంటి మీద విమానం మోత ఆగేదాకా ఊరుకుంటాడు.

మనుషుల మీద నా ఫిర్యాదులు ఒక్కొక్కటే తీరిపోతున్నాయి. కాలం మీద ఉన్నది మాత్రం తీరదు. అలిగినవాడి కోసం ఆ ఇంట్లోవాళ్లు ఆగారు, కాలం ఆగలేదు.