ముందు మీరు కానివ్వండి

విస్తట్లో అన్నీ వడ్డించాక కూడా పక్కవాడు ముద్ద కలిపేదాకా చెయ్యి పెట్టని ఊళ్ళు మావి. భోజనాల బంతిలో అది అందంగానే ఉంటుంది. ప్రభుత్వ ఖజానా దగ్గర కూడా అదే మర్యాద పాటిస్తే ఏమవుతుందో తొంభైల చివర్లో కొవ్వూరులో కళ్ళారా చూశాను.

అప్పుడు నేను డీజిలు ఇంజిన్లు బాగుచెయ్యడం నేర్పే మాస్టారిని. చేపల మీద బతికే పెద్దవాళ్ళకి లాంచీ ఇంజిన్ల పని నేర్పమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఏ ఒక్క శాఖకీ అంత బడ్జెట్ లేదు కాబట్టి మూడు శాఖలు తలా కొంత ఒకే ఖాతాలో వెయ్యాలి. ఒకరు షెడ్డుకి, ఒకరు ఇంజిన్‌కి, ఒకరు డీజిలుకీ పనిముట్లకీ. ఆ శాఖల పేర్లు చాలా పొడుగు. అందుకని ముగ్గురు అధికారులనీ మనసులో షెడ్డుగారు, ఇంజిన్‌గారు, డీజిలుగారు అనుకునేవాణ్ణి.

అన్నీ వివరంగా రాసిన ఆ ఉత్తర్వులో, ముందు ఎవరు వెయ్యాలో మాత్రం రాయలేదు.

రాజమండ్రిలో మీటింగు పెట్టారు. ఇంకో జిల్లాలో అయితే కొట్టుకునేవారేమో. మావాళ్ళు కొట్టుకోరు.

"ముందు మీరు కానివ్వండి," అన్నారు షెడ్డుగారు.

"అబ్బే, మీరు పెద్దవారు. మీ తరవాతే మేమండి," అన్నారు ఇంజిన్‌గారు.

"ఇద్దరు పెద్దలుండగా నేను ముందు వేస్తే ఏం బాగుంటుందండీ," అన్నారు డీజిలుగారు.

తరవాత కాజాలు వచ్చాయి. పళ్ళెంలో చివరి కాజా ఎవరూ తీసుకోలేదు. ఆ తరవాతి మీటింగులోనూ అంతే. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. మా గొర్రె మర్యాదతో చచ్చేలా ఉంది.

పని నేర్చుకుంటామని వచ్చినవాళ్ళలో ఒకాయన నలభై దాటినవాడు. నేను బాబాయ్ అనేవాణ్ణి. గోదావరిలో వల వేసుకునే మనిషి. ఏటికేడు చేప తగ్గిపోతోంది. పోలవరంలో ఒక లాంచీ యజమానికి దసరాకల్లా ఇంజిన్ పని తెలిసిన మనిషి కావాలి. నేర్చుకుని వస్తే చూస్తానని బాబాయ్‌తో అన్నాడు. ఆ పని దొరక్కపోతే బాబాయ్ కాకినాడ వెళ్ళి సముద్రం బోట్లు ఎక్కాలి. ఆయనకి సముద్రమంటే భయం. ఆ సంగతి ఆయన చెప్పలేదు, మార్కెట్లో చేపలమ్మే ఆయన భార్య చెప్పింది.

ప్రతి మీటింగు అయ్యాకా బాబాయ్ బస్టాండు దగ్గర నాకోసం నిలబడి ఉండేవాడు.

"ఆయ్, ఎందాకా వచ్చిందండీ మాస్టారూ?"

"మర్యాదల దాకా వచ్చింది బాబాయ్."

"పెద్దోళ్ళు కదండీ. ఏదో ఆలోచించే ఆగుంటారండి."

ఆ ముగ్గురి మీదకన్నా ఈయన నెమ్మది మీద నాకు ఎక్కువ ఒళ్ళు మండేది.

మార్చి నెలాఖరు వచ్చింది. మార్చి దాటితే బడ్జెట్ మురిగిపోతుంది. ఆ రోజుల్లో నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ముందు చెయ్యి పెట్టడం మావాళ్ళకి అమర్యాదే, ఒప్పుకుంటాను. కానీ బంతిలో అందరూ లేచిపోయాక ఒక్కడే కూర్చుని తినడం అంతకన్నా నామోషీ. ఆ ముక్క తట్టాక వంతెన దాటి రాజమండ్రి వెళ్ళాను.

"మిగతా ఇద్దరూ వేసేశారండి. ఇక తమరిదే మిగిలింది," అన్నాను షెడ్డుగారితో.

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "అదేంటండీ, నాకు ఒక్క మాట చెప్పొద్దా?"

అదే మాట ఇంజిన్‌గారితోనూ అన్నాను, డీజిలుగారితోనూ అన్నాను. సాయంత్రం లోపు ముగ్గురి బిల్లులూ ట్రెజరీకి వెళ్ళాయి. చెప్పింది అబద్ధమే. దాని గురించి నాకు ఇప్పటికీ ఏ బాధా లేదు.

ఎండలు ముదిరేసరికి షెడ్డులో ఇంజిన్ దిగింది. ప్రారంభోత్సవంలో దీపం ముందు ఎవరు వెలిగించాలన్న దగ్గర కొంత ఆలస్యమైంది. అగ్గిపుల్ల కాలి కాలి వేలు చురుక్కుమనేసరికి షెడ్డుగారే వెలిగించారు.

వరదలు వచ్చి తగ్గేలోపు అందరికీ పని పట్టుబడింది. దసరా ముందు లాంచీ యజమాని షెడ్డుకి వచ్చాడు. ఆయన అడిగితే డీజిలు గొట్టంలోకి గాలి పట్టించి, ఇంజిన్ స్టార్ట్ అవకుండా చేసి ఉంచాను.

"నాకు ఒక్క మనిషే కావాలి," అన్నాడు యజమాని అందరినీ చూస్తూ. "దీన్ని ముందు ఎవరు స్టార్ట్ చేస్తే వాళ్ళని తీసుకెళ్తాను. ఎవరొస్తారు?"

ఎవరూ కదల్లేదు. పని రాక కాదు.

"మీరు చూడండి బావగారూ."

"అబ్బే, మీరు పెద్దోరు. మీరు కానివ్వండి."

వీళ్ళకి ఇంజిన్ విప్పడం నేర్పాను గానీ ఇది నేర్పలేదు. బాబాయ్ అందరికన్నా వెనక నిలబడి ఉన్నాడు. యజమాని వాచీ చూసుకుని కండువా సర్దుకున్నాడు.

అప్పుడు బాబాయ్ ముందుకి వచ్చాడు. తోటివాళ్ళ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"ఏమీ అనుకోకండి," అన్నాడు. "ఈసారికి నేను ముందండి."

స్పానర్ అందుకున్నాడు. డీజిలు గొట్టం బిగింపు వదులు చేసి, గాలంతా తీసి, మళ్ళీ బిగించాడు. ఇంజిన్ స్టార్టయి షెడ్డు రేకులు దడదడలాడేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం వాళ్ళకి దండం పెడుతూ ఇంకా ఏదో సర్దిచెబుతున్నాడు. ఆ మోతలో ఒక్క ముక్క కూడా ఎవరికీ వినపడలేదు.